ఫోనులోని పేర్లు, పుస్తకములోని పేర్లు



ప్రతి నెల ఈ పేజీలో మన ఇండ్లలో జరిగే సంగతులు ఏవో ఒకటి మాట్లాడుకొంటున్నాము. ఈ నెల నా ఇంట్లో, నా చేతులతోనే జరిగిన ఒక పొరపాటు చెప్పదలచాను. ఫోనులోని నంబర్లను, తేదీలను కంప్యూటరుతో కలపబోయి నేను పడిన పాట్లు ఇవి. “ఇది చదువుకున్న పిల్లల సంగతి, మాకెందుకు” అని దయచేసి పేజీ త్రిప్పకండి. నేడు మన పల్లెలలో ఫోను లేని ఇల్లు అరుదు. దూరాన ఉన్న కొడుకు నంబరు, ఆస్పత్రి నంబరు, అల్లుడి నంబరు అన్నీ ఆ చిన్న పెట్టెలోనే ఉన్నాయి. వాటిలో ఒక్క నంబరు వేళకు దొరకకపోతే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

నేను ఈ సంఘమునకు వచ్చినప్పుడు నాకు ముందున్న పాస్టరుగారు తాళపుచెవులతోపాటు నల్ల అట్ట వేసిన పెద్ద రిజిష్టరు ఒకటి అప్పగించారు. ఇంటి యజమాని పేరు, భార్యాబిడ్డల పేర్లు, పుట్టిన తేదీలు, పెండ్లి తేదీలు, ప్రభువునందు నిద్రించినవారి తేదీలు అన్నీ ఆయన గుండ్రని దస్తూరితో అందులో ఉన్నాయి. నేను వాటి ప్రక్కన ఎఱ్ఱ సిరాతో ఫోను నంబర్లు వ్రాయడం మొదలుపెట్టాను.

మన దేశములో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. అప్పుడు నేను హైస్కూలు పిల్లవాడిని. సెల్‌ఫోను నా చేతికి రావడానికి ఇంకా చాలా సంవత్సరాలు పట్టింది. వచ్చిన మొదటి ఫోను బొత్తాల ఫోను. పేర్లన్నీ సిమ్ములో ఉండేవి. సిమ్ములో సాధారణంగా 250 పేర్లు పడతాయి. ఒక పేరుకు ఒక నంబరు. పేరు కూడా పొడవుగా ఉంటే పట్టదు. తెలుగులో వ్రాస్తే అక్షరానికి ఎక్కువ చోటు కావలసి వస్తుంది గనుక సగము పేరుతోనే ఆగిపోయేది. తరువాత పెద్ద తెర ఫోను కొన్నాను. అప్పటినుండి పేర్లు కొన్ని సిమ్ములో, కొన్ని ఫోనులో, కొన్ని ఈమెయిలు అకౌంటులో చేరాయి. ఏది ఎక్కడ ఉన్నదో నాకే తెలియదు. ఒకే గదిలో మూడు బీరువాలు పెట్టి, ఏ బట్ట ఏ బీరువాలో వేశామో మరచిపోయినట్లుండేది నా పరిస్థితి.

2023లో పట్నములో ఉద్యోగము చేయుచున్న ఒక సహోదరుడు తన పాత కంప్యూటరును సంఘమునకు ఇచ్చాడు. అప్పుడు ఇంటర్మీడియేట్ చదువుచున్న మా అమ్మాయి, “నాన్నా, రిజిష్టరులో ఉన్నవన్నీ ఇందులో ఎక్కిద్దాము. దీనినీ ఫోనునూ సింకు చేస్తే ఎవరి పుట్టినరోజు వచ్చినా ఫోనే గంట కొట్టి చెబుతుంది” అన్నది. నాకు ఆ మాట ఎంతో నచ్చింది. నూట నలభై కుటుంబాల తేదీలు జ్ఞాపకము పెట్టుకొనడం నా వల్ల కావడం లేదు. వేసవి సెలవులలో తండ్రీకూతుళ్ళము కూర్చుని పేర్లు, నంబర్లు, తేదీలు అన్నీ ఎక్కించాము. ఇక రిజిష్టరుతో పని లేదనుకొని దానిని బీరువా పైన పెట్టేశాను. నా మొదటి తప్పు అదే.

ఈ సింకు అనేదేమిటో మన ఊరి పోలికతో చెబుతాను. పాల కేంద్రములో ఒక పెద్ద పుస్తకము ఉంటుంది. పాలు పోసేవారి చేతిలో ఒక చిన్న పుస్తకము ఉంటుంది. ఉదయము పోసిన లీటర్లు రెండింటిలోనూ వ్రాస్తారు. రెండూ ఒకటిగా ఉండాలి. ఒకదానిలో నాలుగు, మరొకదానిలో మూడు అని ఉంటే ఏమి చేస్తాము? “అమ్మా, నిన్న ఎన్ని పోశావు?” అని అడుగుతాము. ఆమె చెబుతుంది, తప్పు దిద్దుకుంటాము. ఫోనుకూ కంప్యూటరుకూ మధ్య కూడా ఇదే పని జరుగుతుంది. కాని యంత్రము చాలాసార్లు అడగదు. ఏది చివరగా వ్రాశారో అదే సరియైనదని తీసికొంటుంది, లేదా రెండింటినీ ఉంచేస్తుంది. ఒక పుస్తకములో ఒక పేరు కొట్టివేస్తే రెండవ పుస్తకములో కూడా కొట్టివేస్తుంది. ఎందుకు కొట్టివేశారని ప్రశ్నించదు. రెండు పుస్తకాలూ ఒకటిగా కనిపిస్తే దాని పని అయిపోయినట్లే. ఆ రెండింటిలోనూ తప్పే ఉన్నదా అనేది దానికి తెలియదు.

ఇది నేటి సమస్య మాత్రమే కాదు. 1996లో అమెరికాలో పామ్ పైలట్ అనే చేతి యంత్రము వచ్చింది. దానిని ఒక ఊయలవంటి పీటపై పెట్టి ఒక్క బొత్తాము నొక్కితే, అందులోని పేర్లు, తేదీలు కంప్యూటరుతో సరిచూసుకొనేవి. అదే కాలములో పేరు, నంబరు ఒక చీటీగా వ్రాసే పద్ధతి వీకార్డు అనే పేరుతో వచ్చింది. 1998లో తేదీలకు ఐకేలండర్ అనే పద్ధతి ఏర్పడింది. 2000లో పెద్ద కంపెనీలు కొన్ని కలిసి సింక్ఎంఎల్ అనే ఉమ్మడి భాషను తెచ్చాయి. ఇన్ని ఒప్పందాలు ఉన్నా చిక్కులు మిగిలే ఉన్నాయి. ఒప్పందము ఉమ్మడి గళ్ళకే గాని, ఎవరి యంత్రములో వారు పెట్టుకొన్న సొంత గళ్ళకు కాదు. పైగా ఆ ఉమ్మడి గళ్ళు కూడా మన అలవాట్లను చూచి గీసినవి కావు. మనము ఇంటిపేరు ముందు వ్రాస్తాము. ఆ గళ్ళలో “మొదటి పేరు, చివరి పేరు” అని ఉంటుంది. మొదట వ్రాసిన ఇంటిపేరు మొదటి గడిలో పడుతుంది, అసలు పేరు చివరి గడిలో పడుతుంది. మరొక యంత్రము వాటిని తారుమారు చేసి చూపిస్తుంది. మా సంఘములో సగము మంది ఆ విధముగా తలక్రిందులయ్యారు.

తరువాత ఒక్కొక్క పేరు రెండుసార్లు, మూడుసార్లు కనిపించడం మొదలైంది. కారణము అడిగితే నవ్వు వస్తుంది. ఒకచోట నంబరు పది అంకెలతో ఉంది. ఒకచోట ముందు సున్నా ఉంది. మరొకచోట ముందు ప్లస్ 91 ఉంది. మనకు ముగ్గురూ ఒక్కరే. యంత్రము ముగ్గురు వేర్వేరు మనుష్యులు అనుకొన్నది. సరే, ఒకే పేరున్నవారిని కలిపే బొత్తాము ఉన్నది గదా అని నొక్కాను. మా సంఘములో మరియమ్మలు ఆరుగురు. ఆరుగురినీ కలిపి ఒక్క మరియమ్మను చేసి, ఆమెకు ఆరు నంబర్లు ఇచ్చింది! ఆ వారము నేను పెద్ద మరియమ్మగారికి ఫోను చేయబోయి, చాకిరేవు దగ్గరి మరియమ్మగారికి రెండుసార్లు చేశాను. ఆమె నొచ్చుకోలేదు. “మళ్ళీ మీరేనా అయ్యగారూ” అని నవ్వింది.

ఇంతవరకు నవ్వుకొన్నాము. తరువాత జరిగినది నవ్వే సంగతి కాదు.

కంప్యూటరులోని జాబితా అడుగున దాదాపు నలభై వరుసలలో పేరు ఉండవలసిన చోట ప్రశ్నార్థకాలు వరుసగా కనిపించాయి. అవి ఎవరివో, ఏదో చెత్త చేరింది అనుకొన్నాను. పిల్ల కాలేజీకి వెళ్ళింది. అడగకుండానే ఆ వరుసలన్నీ ఎంచి తీసివేశాను. జాబితా శుభ్రమైనదని సంతోషించి ఫోనుకు తీగ తగిలించాను.

ఆ వరుసలు చెత్త కాదు. నేను ఫోనులో తెలుగు అక్షరాలతో వ్రాసుకొన్న పేర్లు అవి. యూనికోడులో ప్రతి తెలుగు సంకేతానికి ఒక సంఖ్య ఉన్నది. యూటీఎఫ్-8 పద్ధతిలో దానిని వ్రాయడానికి మూడు బైట్లు పడతాయి. ఇంగ్లీషు అక్షరానికి ఒక్కటి చాలు. పాత ప్రోగ్రాము ఇంగ్లీషు అక్షరాలనే ఎరుగును. తెలియని అక్షరము వచ్చినచోటల్లా ప్రశ్నార్థకము పెట్టింది. పేర్లు పోయినా నంబర్లు మాత్రము ప్రక్కన సరిగానే ఉన్నాయి. నేను వాటి వంక చూడలేదు. కంప్యూటరులో నేను కొట్టివేసిన నలభై పేర్లను ఫోనులో కూడా అది నమ్మకముగా కొట్టివేసింది.

మా ఊరిలో ఒంటరిగా నివసించే ఒక తల్లి ఉన్నది. ఆమె ఒక్కగానొక్క కొడుకు కువైట్‌లో డ్రైవరుగా పనిచేయుచున్నాడు. ఆ సంవత్సరము నవంబరులో ఒకరాత్రి పదకొండు గంటలకు ప్రక్కింటివారు మా తలుపు తట్టారు. ఆమె పెరటిలో జారిపడి లేవలేకపోవుచున్నది. 108కు ఫోను చేశాము. బండి వచ్చేలోగా కొడుకుతో మాట్లాడవలెను. ఏ ఆస్పత్రికి తీసికొనిపోవాలి, ఆపరేషను అంటే ఏమి చేయాలి అనేది అతడు చెప్పాలి. నేను ఫోను తీసి వెదికాను. అతని పేరు లేదు. పైకి క్రిందికి ఎన్నిసార్లు జరిపినా లేదు. అప్పుడు నాకు ఆ ప్రశ్నార్థకాల వరుసలు జ్ఞాపకము వచ్చి ఒళ్ళంతా చెమట పట్టింది. తల్లి చేతిలోని ఫోను చూస్తే, పడినప్పుడు నీళ్ళ తొట్టిలో పడి ఆగిపోయింది. ఇంటికి పరుగెత్తి బీరువా మీది రిజిష్టరు దించాను. అందులో అతని పాత నంబరు ఉన్నది. రిజిష్టరు మూసిన తరువాత అతడు నంబరు మార్చాడు.

ఆ సమయములో మా గృహిణి వంటగదిలోకి వెళ్ళి గోడకున్న కేలండరు విప్పి తెచ్చింది. జూలై నెల కాగితము వెనుక పెన్సిలుతో “కువైట్ అబ్బాయి, కొత్తది” అని వ్రాసి, 965తో మొదలై ఎనిమిది అంకెలతో ముగిసే నంబరు ఉన్నది. ఆ తల్లి ఒక రోజు పాలు ఇవ్వడానికి వచ్చి చెప్పగా చేతికందిన కాగితము మీద వ్రాసుకొన్నదట.

మనకు రాత్రి పదకొండున్నర అంటే కువైట్‌లో తొమ్మిది. అతడు వెంటనే ఎత్తాడు. “అయ్యగారూ, ముందు అమ్మతో ఒక్క మాట మాట్లాడించండి” అన్నాడు. ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాను. అంతవరకు మూలుగుచున్న తల్లి కొడుకు గొంతు వినగానే, “నాకేమీ కాలేదు నాయనా, నువ్వు అన్నము తిన్నావా” అని అడిగింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను జరిగింది. నేడు చేతికఱ్ఱతో నడిచి ఆరాధనకు వచ్చుచున్నది. కాని ఆ అరగంట నేను మరువలేను. కాపరి అన్నవాడు తన మందను పేరు పేరున ఎరిగి ఉండవలెనని ప్రసంగాలు చేసినవాడిని. ఆ రాత్రి నలభై పేర్లు నా చేతితోనే కొట్టివేసి ఉన్నాను.

ఈ సంగతి జరిగిన తరువాత తేదీలు కూడా సరిచూశాను. అక్కడ మరొక తప్పు బయటపడింది. మనము సెప్టెంబరు 4వ తేదీని 4-9 అని వ్రాస్తాము. అమెరికావారు నెలను ముందు వ్రాస్తారు. ఆ ప్రోగ్రాము వారి పద్ధతి ఎరిగినది. నేను ఎక్కించిన 4-9ని ఏప్రిల్ 9గా తీసికొన్నది. మరి ముందే ఎందుకు పట్టుబడలేదు? మా పెండ్లి రోజు 18వ తేదీ, మా అమ్మాయి పుట్టినరోజు 23. పద్దెనిమిదవ నెల లేదు గనుక వాటిని సరిగానే తీసికొన్నది. మా ఇంటి తేదీలు సరిగా ఉన్నాయి గదా అని నేను అన్నిటినీ నమ్మాను. లెక్క వేసి చూడండి. సంవత్సరములో తేదీ అంకె 12 లోపున ఉన్న రోజులు 144. వాటిలో జనవరి 1, ఫిబ్రవరి 2 వంటి 12 రోజులు తిరగవేసినా మారవు. మిగిలిన 132 రోజులు నిశ్శబ్దముగా వేరే నెలలకు వెళ్ళిపోతాయి.

ఆ 132లో ఒకటి మా సంఘములోని ఒక పెద్దాయన నిద్రించిన దినము. ప్రతి సెప్టెంబరు 4న ఆ ఇంట జ్ఞాపకార్థ కూడిక జరుగును. నేను జూన్‌లో ఎక్కించాను గనుక తప్పు తేదీ అప్పటికే దాటిపోయింది. గంట ఎప్పుడూ మ్రోగలేదు. సరియైన దినమున కూడా మ్రోగలేదు. ఆయన భార్య వాకిలి చల్లి, చాపలు పరచి, చీకటి పడేవరకు ఎదురుచూసినదట. ఫోను చేయలేదు. నవంబరులో నేను వెళ్ళి తప్పు ఒప్పుకొంటే, “మీకు ఎన్ని పనులో అయ్యగారూ, అందుకే పిలవలేదు” అన్నది. ఆమె కోపగించినా నాకు అంత బాధ ఉండేది కాదు.

గడియారము కూడా ఇలాగే మోసము చేస్తుంది. మన కాలము గ్రీన్విచ్ కాలానికి అయిదున్నర గంటలు ముందు. పుట్టినరోజును “రోజంతా” అని కాక అర్ధరాత్రి పన్నెండు గంటలకు అని వ్రాసి, కంప్యూటరు గడియారము గ్రీన్విచ్ కాలానికి ఉంటే, అది ముందు రోజు సాయంత్రము ఆరున్నరకు జరిగిపోతుంది. పండుగలది మరొక చిక్కు. క్రిస్మసును “ప్రతి సంవత్సరము” అని పెట్టవచ్చును. ఈస్టరును పెట్టరాదు. అది 2024లో మార్చి 31, 2025లో ఏప్రిల్ 20, 2026లో ఏప్రిల్ 5. మంచి శుక్రవారము కూడా దానితోపాటే జరుగుతుంది. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరము వ్రాసుకొనవలసినదే.

ఇప్పుడు నేను ఏమి చేయుచున్నానో చెబుతాను. మీకు ఉపయోగపడవచ్చును.

మొదట, పేర్లన్నిటికీ ఒక్క బీరువా ఏర్పాటు చేశాను. సిమ్ములో ఏదీ దాచను. ఒక్క ఈమెయిలు అకౌంటులోనే ఉంచుతాను. కొత్త పేరు చేర్చేటప్పుడు ఎక్కడ దాచమంటారని ఫోను అడిగితే తొందరపడక చూచి నొక్కుతాను.

రెండవది, సింకు చేయక ముందు ఒక నకలు తీసి పెట్టుకొంటాను. కాంటాక్టులను ఫైలుగా దాచుకొనే సదుపాయము చాలా ఫోనులలో ఉన్నది. ఆ ఫైలును సింకు జరగని వేరొక చోట, మెమొరీ కార్డులోనో పెన్‌డ్రైవులోనో దాచాలి. సింకు చేయడం వేరు, భద్రము చేయడం వేరు. సింకు అయిన జాబితాలో తప్పు కూడా అంతటికీ ప్రాకుతుంది. విడిగా ఉన్న నకలుకు అంటదు.

మూడవది, ముందు అయిదు పేర్లతో చేసి చూస్తాను. వాటిలో ఒక తెలుగు పేరు, 12 లోపు తేదీ ఒకటి తప్పక ఉండాలి. అవి సరిగా వస్తేనే మిగిలినవి. తేదీలలో నెలను అంకెతో కాక పేరుతో వ్రాస్తాను.

నాలుగవది, నంబర్లన్నీ ప్లస్ 91తో, విదేశాలలో ఉన్నవారివి ఆ దేశపు సంఖ్యతో వ్రాస్తాను. ఒకే పేరున్నవారికి ప్రక్కన గుర్తు పెడతాను. ఆరుగురు మరియమ్మలకూ ఇప్పుడు ఆరు గుర్తులు ఉన్నాయి.

అయిదవది, తెలియని వరుసను కొట్టివేయను. పొరపాటున కొట్టివేసినా భయపడి ఇంకా ఏవేవో నొక్కరాదు. గూగుల్ అకౌంటులో దాచినవారికి, తీసివేసిన పేర్లు 30 రోజులవరకు చెత్తబుట్టలో ఉంటాయి. జాబితాను 30 రోజుల లోపటి స్థితికి త్రిప్పుకొనే మార్గము కూడా ఉన్నది.

మరొక మాట. ఈ పని తెలియక చాలామంది ఫోనును అంగడిలో ఇచ్చి వస్తారు. నంబర్లు వారి కంప్యూటరులోకి ఎక్కించి, అక్కడనుండి కొత్త ఫోనుకు మారుస్తారు. ఆ జాబితా అక్కడే మిగిలిపోవచ్చును. అందులో మన ఆడపిల్లల నంబర్లు ఉంటాయి. ప్రక్కన నిలబడి, పని అయిన తరువాత తీసివేయించి రండి.

నల్ల అట్ట రిజిష్టరు బీరువా మీదనుండి దిగి మరల నా బల్ల మీదికి వచ్చింది. ప్రతి నెల మొదటి శనివారము నేనూ మా అమ్మాయీ ఆమె సెలవులకు వచ్చినప్పుడు కలిసి, లేనప్పుడు నేనొక్కడినే, ఫోనునూ రిజిష్టరునూ ప్రక్కప్రక్కన పెట్టి చదువుకొంటాము. రెండింటికీ తేడా వస్తే ఆ ఇంటికి ఫోను చేసి అడుగుతాను. నంబరు కోసము చేసిన ఆ ఫోనులోనే ఒక్కొక్కసారి జ్వరము సంగతి, పెండ్లి సంగతి, అలిగి వెళ్ళిన కొడుకు సంగతి బయటికి వస్తుంది. యంత్రము నన్ను తప్పించిన పని అదే. ఇప్పుడు తిరిగి నా చేతికి వచ్చింది.

మీరు ఈ పత్రిక చదివిన సాయంత్రము, కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఒక కాగితము తీసికొనండి. మీకు అత్యవసరమైన పది నంబర్లు పెద్ద అక్షరాలతో వ్రాయండి. కళ్ళద్దాలు లేకుండా అమ్మమ్మ చదవగలిగినంత పెద్దవిగా వ్రాయండి. వంటగది గోడకు అంటించండి. మా ఇంటిలో ఆ జూలై నెల కాగితము ఇప్పటికీ అక్కడే ఉన్నది. కేలండరు మారినా మా గృహిణి దానిని తీయనివ్వలేదు.

వచ్చే నెల మరల కలుసుకొందాము.